నూకు హివా నుంచి ఫకరవా దాకా: ఇద్దరుండే పడవలో రోజులు

ఫ్రెంచ్ పాలినీషియాలో మే నుంచి అక్టోబరు దాకా తెరచాప పడవల కాలం. నవంబరు మొదలు ఏప్రిల్ దాకా తుపానుల భయం. పనామా వైపు నుంచి పసిఫిక్ దాటి వచ్చిన పడవలు ముందుగా మార్కీసస్ కొండ దీవుల్లో అలుపు తీర్చుకుని, తర్వాత నైరుతిగా తువామోతు పగడపు దీవులకు దిగుతాయి. వాటిలో చాలావాటిలో ఉండేది ఆలుమగలు ఇద్దరే. ఇక్కడి లెక్కలన్నీ అలాంటి ఒక పడవవి: పొడవు 12 మీటర్లు, చాప ఎత్తే స్తంభం (మాస్ట్) ఒకటే, అడుగు రెక్క (కీల్) నీటి కింద 1.9 మీటర్లు. దారి మార్కీసస్‌లోని నూకు హివా నుంచి తువామోతులోని కౌయేహి మీదుగా అక్కడిదే ఫకరవా దక్షిణ కొస వరకు.

సముద్రం మీద ఇద్దరున్న పడవ అంటే నిజానికి ఒక్కరున్న పడవే. ఒకరు మేలుకుంటే రెండోవారు నిద్రపోతుంటారు. అందుకని పడవలో ఏ ఏర్పాటైనా ఒక్క మనిషి చీకట్లో చేయగలిగేలా ఉండాలి. అలా చేయలేని పనిని తెల్లవారేదాకా ఆపాలి.

బయల్దేరే ముందు రోజు, నూకు హివా రేవు తాయోహాయే

శనివారం సంత తెల్లవారకముందే మొదలవుతుంది. వెలుగొచ్చేసరికి ఆకుకూరలు ఉండవు. తువామోతులో మట్టి లేదు, ఉన్నదంతా పగడపు పొడి. కొబ్బరి తప్ప పెద్దగా ఏదీ పండదు. రాబోయే మూడు వారాల పండూ కూరా ఇక్కడే కొనాలి, నిలవుండే గుణాన్ని బట్టి కొనాలి. ఈ దీవుల పంపర పనస పచ్చతొక్కతోనే తియ్యగా ఉంటుంది. వలసంచిలో వేలాడదీస్తే మూడు వారాలకు పైగా నిలుస్తుంది, ఇద్దరికి పదిహేను కాయలు సరిపోతాయి. నిమ్మకాయలు మూడు కిలోలు తీసుకుని, ఒక్కొక్కటీ అల్యూమినియం రేకులో చుట్టి పెడితే నెల ఆగుతాయి. క్యాబేజీని కత్తితో కోయకుండా పై ఆకులు వలుచుకుంటూ పోతే మూడు వారాలు వస్తుంది. సీమపనస మాత్రం మూడు నాలుగు రోజుల్లో మెత్తబడిపోతుంది, దాన్ని దారిలోనే తినేయాలి. అరటి గెల మొత్తం ఒకేసారి పండుతుంది కాబట్టి సగం గెల చాలు. దాన్నీ పడవలోకి ఎక్కించే ముందు పది నిమిషాలు సముద్రపు నీళ్ళలో ముంచాలి, పురుగూ బొద్దింకా దిగిపోతాయి. అట్టపెట్టెల్ని రేవులోనే వదిలేయాలి. బొద్దింక గుడ్లు చేరేది ఆ అట్ట మడతల్లోనే.

గుడ్లు ఎన్నడూ ఫ్రిజ్‌లో పెట్టనివి దొరికితే కొనాలి. రెండు రోజులకోసారి అట్టను తిరగేస్తే బయటే మూడు వారాలుంటాయి. బియ్యం, పిండి, పంచదార, పాలపొడి లాంటి సరుకులకు ప్రభుత్వం ధర కట్టడి చేసింది. దుకాణంలో పీపీఎన్ అన్న గుర్తు చూసి తీసుకుంటే చవక. కందిపప్పు, చింతపండు, ఆవాలు, ఇంగువ లాంటివి పనామాలో నింపుకున్నవే పడమరన ఫిజీ దాకా రావాలని లెక్క వేసుకోవడం మంచిది. 1903 తర్వాత మద్రాసు నుంచి కూలీల ఓడలెక్కిన తెలుగు, తమిళ కుటుంబాల వారసులు ఉన్న చోటు ఫిజీ. అక్కడి అంగళ్ళలో మన వంటసరుకు మళ్ళీ కనిపిస్తుంది. ఇద్దరికి నెలకు బియ్యం 8 కిలోలు, పప్పులు 4, పిండి 5 అనుకుంటే ఇబ్బంది ఉండదు. పెసలు విడిగా రెండు కిలోలు ఉండాలి. కూరలు అయిపోయాక మొలకలే పచ్చికూర.

డీజిల్ ఇక్కడ పూర్తిగా నింపుకోవాలి. చాలా పగడపు దీవుల్లో పంపు ఉండదు, సరకు ఓడలో పీపాలు తెప్పించుకోవడమే. ఇంజిన్‌లో నూనె మట్టం, బెల్టు బిగువు, సముద్రపు నీటి పంపు ఇంపెల్లర్ (లోపలి రబ్బరు చక్రం), డీజిల్ ఫిల్టర్ గిన్నెలో నీళ్ళు చేరాయా, ఇవన్నీ చూడాలి. మాస్ట్ ఎక్కడం కూడా ఈ రోజు పనే. ఎక్కేవారికి రెండు తాళ్ళు, ఒకటి బరువు మోసేది, ఇంకోటి అది తెగితే పట్టుకునేది. తీగల కొసల్లో ఒక్క పోగు తెగినా భూతద్దం పెట్టి చూడక్కర్లేదు, వేలికి గుచ్చుకుంటుంది.

సముద్రం మీద మొదటి రోజు

కౌయేహి దాకా సుమారు 510 నాటికల్ మైళ్ళు. ఐదున్నర నాట్ల వేగంతో 93 గంటలు (నాటు అంటే గంటకో నాటికల్ మైలు). ఇక్కడి అసలు చిక్కు వెళ్ళడం కాదు, ఎప్పుడు చేరతామన్నది. పగడపు దీవి అంటే మడుగు చుట్టూ ఉంగరంలా ఉండే గట్టు, దాని లోపలికి వెళ్ళే సందే పాస్. ఆ పాస్‌లో ప్రవాహం నిలిచే సమయానికి, అదీ పగలు, బయట ఉండాలి. కాబట్టి చేరాల్సిన గంట నుంచి వెనక్కి లెక్కించి మధ్యాహ్నం ఒంటిగంటకు లంగరు ఎత్తడం. ఇక్కడో చిన్న ఉచ్చుంది. మార్కీసస్ గడియారం జీఎంటీ కంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, తువామోతుది పది గంటలు వెనక. ఆ అరగంట దిద్దుకోకుండా పోటుపాట్ల పట్టిక చదివితే పాస్ ముందు తప్పు సమయానికి నిలబడతాం. పడవలో గడియారాన్ని ఒక్కదాన్నే, అదీ బయల్దేరేటప్పుడే మార్చేయాలి.

గాలి తూర్పు ఆగ్నేయం, 15 నుంచి 20 నాట్లు. దారి నైరుతి కాబట్టి గాలి ఎడమ పక్క నుంచి కాస్త వెనగ్గా వస్తుంది. పడవ వేగం బాగుంటుంది కానీ అల పక్కనుంచి తగిలి ఊగిసలాట ఎక్కువ. మొదటి రోజు వంట పెట్టుకోకుండా ముందే పులిహోర కలిపి ఉంచుకుంటే సుఖం. చింతపండు పులుపుకి అది రెండో రోజు మధ్యాహ్నం దాకా బయటే ఆగుతుంది, కడుపులో తిప్పుతున్నా నోటికి సహిస్తుంది.

రాత్రి కాపలా ఇద్దరికీ నాలుగేసి గంటలు: సాయంత్రం 6 నుంచి 10, 10 నుంచి 2, 2 నుంచి 6. మూడు గంటల వంతు కంటే ఇది నయం. మూడు గంటల్లో పడుకున్న మనిషికి దక్కే నిద్ర రెండు గంటలే. కాపలాలో ఉన్నవారు పావుగంటకోసారి చుట్టూ చూడాలి, దగ్గరి ఓడల్ని చూపే ఏఐఎస్ తెరనూ రాడార్‌నూ చూడాలి, రెండు గంటలకోసారి స్థానం, గాలి, బారోమీటర్, బ్యాటరీ ఓల్టేజీ పుస్తకంలో రాయాలి. లైఫ్‌జాకెట్, నడుం తాడు తగిలించకుండా కాక్‌పిట్‌లోకి, అంటే చుక్కాని దగ్గర కూర్చునే చోటికి, రావడం లేదు. రెండోవారిని లేపకుండా కాక్‌పిట్ దాటి ముందుకు అడుగు వేయడం అసలే లేదు. ఇద్దరి పడవలో ఒకరు నీళ్ళలో పడితే రెండోవారు నిద్రలో ఉంటారు, ఆరు నాట్ల వేగంతో పావుగంటలో పడవ మైలున్నర దాటిపోతుంది. ఈ లెక్క ఒకసారి వేసి చూసినవారికి ఆ నియమం ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

పొద్దు గుంకేముందు గాలి ఎంతున్నా మెయిన్‌సెయిల్‌కి ఒక రీఫ్, అంటే చాపను ఒక మెట్టు కురచ చేయడం. అరనాటు వేగం పోతుంది, పోనీయండి. రీఫ్ వరుస ఇది: మెయిన్ షీట్ (చాపను అదుపు చేసే తాడు) వదులు చేయాలి, బూమ్‌ని (చాప అడుగు దుంగ) పైనుంచి పట్టుకునే తాడు బిగించాలి, చాప ఎత్తే తాడుని రంగు గుర్తు దాకా దించాలి, చాప ముందు కన్నాన్ని కొక్కేనికి తగిలించి పైతాడు మళ్ళీ బిగించాలి, తర్వాత వెనక మూల తాడుని వించ్‌తో గట్టిగా లాగాలి, చివర్లో షీట్. చాప చిరిగేది ఎక్కువగా వరుస తప్పినప్పుడే. పైతాడు బిగించకముందే వెనక మూల లాగితే ముందు కుట్ల మీద బరువంతా పడుతుంది.

రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా

ఈ రోజుల మధ్య పెద్ద తేడా ఉండదు. తెల్లవారగానే పడవ చుట్టూ ఒక నడక: ఎగిరిపడి ఎండిన చేపలు పారేయడం, ఊడిన పిన్నుల కోసం వెతకడం, తాడు ఎక్కడ ఒరుసుకుంటోందో చూడటం. జెనోవా (పెద్ద ముందు చాప) షీట్ ఒకే చోట రెండు రోజులు ఆనితే పైతొడుగు అరిగిపోతుంది. పన్నెండు గంటలకోసారి ఒక జానెడు లోపలికో బయటికో జరిపితే చాలు.

కరెంటు లెక్క మాత్రం రోజూ చూడాలి. 12 ఓల్టుల మీద ఆటోపైలట్ సగటున 4 ఆంపియర్లు, అంటే రోజుకు దాదాపు 100 ఆంపియర్ గంటలు. ఫ్రిజ్ 50, పరికరాలు దీపాలు 30, ఉపగ్రహ ఇంటర్నెట్ స్టార్‌లింక్ మినీ రోజంతా ఉంచితే ఇంకో 60. మొత్తం 240. పైన ఉన్న 600 వాట్ల సోలార్ పలకలు చాప నీడ పడుతూ ఉంటే 180 దాటించవు. లోటు పూడ్చడానికి గంటన్నర ఇంజిన్ తిప్పవచ్చు, లేదా గాలితో నడిచే చుక్కాని మరకు పడవను అప్పగించవచ్చు. మా ఓటు రెండోదానికే. దానికి కరెంటు అక్కర్లేదు, చప్పుడు లేదు. అయితే గాలి దిక్కు మారితే అది కూడా దారి మారుస్తుంది కాబట్టి కాపలాలో ఉన్నవారు దిక్సూచి మీద ఓ కన్ను వేయాలి.

చేపలకు వెనక రెండు గాలాలు, 25 మీటర్లు వదిలి, గులాబీ రంగు రబ్బరు స్క్విడ్ తగిలించి. ఐదారు కిలోల ట్యూనా ఒకటి పడితే గాలాలు రెండూ లోపలికి. ఇద్దరికి అది నాలుగు రోజుల కూర. పడగానే చేయాల్సింది చేపను లాగడం కాదు, పడవ వేగం తగ్గించడం: ఒకరు పడవను గాలికెదురుగా కాస్త తిప్పుతారు, ఇంకొకరు తోలు చేతొడుగులతో, తాడు చేతికి చుట్టుకోకుండా లాగుతారు. మొప్పల్లో కాస్త సారా పోస్తే కొట్టుకోకుండా పోతుంది, కాక్‌పిట్ అంతా నెత్తురు చిందదు. మొదటి రోజు నిమ్మరసం, కొబ్బరిపాలతో పచ్చిగానే, ఇది ఇక్కడివారి పద్ధతి. తర్వాత పులుసు. మిగిలింది వేయించి, కారం నూనెలో నిలవ పచ్చడి.

చివరి రాత్రి వేగం తగ్గించాలి. తువామోతు నేల ఎత్తు సముద్ర మట్టానికి రెండు మూడు మీటర్లే. పగలు కొబ్బరి చెట్ల తలలు ఎనిమిది పది మైళ్ళ దూరం నుంచి కనిపిస్తాయి. రాత్రి ఏమీ కనిపించదు. పాత నావికులు ఈ ప్రాంతాన్ని ప్రమాదకర ద్వీపసమూహం అని పటాల మీదే రాశారు. దారికి దగ్గర్లో తైయారో, రారకా దీవులుంటాయి, వాటికి పది మైళ్ళ ఎడం. త్వరగా వచ్చేస్తే కౌయేహికి గాలి తగలని పడమటి వైపు హీవ్-టు: ముందు చాపను గాలికి వెనక్కి పట్టి, చుక్కానిని గాలివైపు తిప్పి కట్టేస్తే పడవ గంటకో మైలు చొప్పున పక్కకు జారుతూ నిలుస్తుంది. ఇద్దరూ కాస్త నడుం వాల్చేది అప్పుడే, అదీ వంతులవారీగా.

పాస్ దాటే రోజు

ఈ దారిలో పడవలు చెడేది రెండు చోట్ల, పాస్‌లో, లంగరు దగ్గర. అందుకే ఇక్కడ నెమ్మదిగా చెప్పాలి.

తువామోతులో పోటుపాట్ల తేడా అర మీటరుకు మించదు. అయినా కొన్ని పాస్‌లలో ప్రవాహం ఆరేడు నాట్లు ఉంటుంది. కారణం ఏమిటంటే, దక్షిణం నుంచి వచ్చే పెద్ద అలలు దీవి దక్షిణపు గట్టు మీదుగా లోపలి మడుగులోకి నీళ్ళు పోస్తూనే ఉంటాయి. ఆ నీళ్ళు బయటికి పోవడానికి ఉన్న దారి పాస్ ఒక్కటే. అందుకని లోపలికి వచ్చే పోటు కంటే బయటికి పోయే పాటు ఎక్కువసేపు, ఎక్కువ జోరుగా ఉంటుంది. దక్షిణాన తుపాను గాలులు ఉన్న వారమైతే నీళ్ళు రోజంతా బయటికే పోవచ్చు, పట్టికలో ఏమున్నా సరే. తాహితీ పట్టిక ఇక్కడ పనికిరాదు. అక్కడి పోటు చంద్రుణ్ణి వదిలేసి సూర్యుణ్ణి పట్టుకుంటుంది, రోజూ దాదాపు మిట్టమధ్యాహ్నం, నడిరాత్రే వస్తుంది. రంగిరోవా లేదా హావో పట్టిక తీసుకుని, పాటు ముగిసిన సమయానికి గంట కలిపి, అరగంట ముందే పాస్ బయట నిలబడాలి. ఆపై నమ్మాల్సింది కళ్ళనే. బైనాక్యులర్‌లో పాస్ నోట్లో అడ్డంగా తెల్ల గీత, నిలువుగా లేచే పొట్టి అలలు కనిపిస్తే పాటు ఇంకా జోరుగా ఉన్నట్టు. గీత విరిగి ముక్కలైతే దగ్గరపడినట్టు.

కౌయేహి పాస్ అరికితామిరో నైరుతి వైపు ఉంది. వెడల్పూ లోతూ ఉండటంతో మొదటిసారి వచ్చేవారికి ఇదే తగినది. ఒకటి రెండు నాట్ల పాటు ఎదురుగా ఉన్నప్పుడు వెళ్ళడం కొందరికి వింతగా తోస్తుంది కానీ అదే మేలు: ఎదురు నీటిలో చుక్కాని బాగా పట్టుతుంది, అనుమానం వస్తే వెనక్కి నెట్టేది బయటి లోతు నీటిలోకి. వెనక నుంచి పోటు తోస్తుంటే ఆగడం కుదరదు. వెళ్ళే ముందు ఇంజిన్ పది నిమిషాలు వేడెక్కించాలి. మెయిన్‌సెయిల్ పైనే ఉంచాలి, ఇంజిన్ ఆగితే అదే దిక్కు. లంగరు కట్లు విప్పి సిద్ధంగా ఉంచాలి. కిటికీలన్నీ మూయాలి. నీటి పైన వెనక వేలాడే తాళ్ళన్నీ లోపలికి లాగాలి, ప్రొపెల్లర్‌కు చుట్టుకునేది ఇలాంటప్పుడే.

లోపలికి వచ్చాక తొందర పడకూడదు. తెరావెరో ఊరు ఈశాన్య మూల ఉంది, ఎనిమిది మైళ్ళకు పైగా ప్రయాణం. జూన్‌లో ఉదయం పదింటికి సూర్యుడు ఇంచుమించు ఈశాన్యంలోనే ఉంటాడు. అటు చూస్తే నీళ్ళంతా వెండిరేకు, కింద పగడపు బండ ఉందో లేదో తెలియదు. పాస్ దగ్గరే ఆగి భోంచేసి, సూర్యుడు ఉత్తరం దాటి వాయవ్యానికి దిగాక బయల్దేరితే వెలుగు ఎడమ పక్కనుంచి పడుతుంది. రంగు కళ్ళద్దాలు పోలరైజ్డ్‌వి ఉండాలి. ముదురు నీలం అంటే లోతు, లేత పచ్చనీలం మూడు నుంచి ఐదు మీటర్లు, గోధుమరంగు కనిపిస్తే రెండు మీటర్లలోపు పగడం. మబ్బునీడ కూడా గోధుమరంగులోనే ఉంటుంది, అది కదిలేదాకా బండే అనుకోవాలి. ముత్యపు చిప్పల తోటల తేలుబుంగలు వరుసగా ఉంటాయి. వాటి మధ్య నీటికింద తాళ్ళుంటాయి కాబట్టి చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఉపగ్రహ చిత్రాలు పటం మీద పరచి చూసే పద్ధతి ఇక్కడ అందరూ వాడతారు, మాస్ట్ మీద నుంచి చూసే మనిషికి అది తోడే కానీ బదులు కాదు.

ఇక లంగరు. లోతు 12 మీటర్లు, గొలుసు 10 మిల్లీమీటర్లది, 55 మీటర్లు వదలాలి. అడుగంతా ఇసుకే అయితే పని అయిపోయినట్టే, కానీ ఇక్కడ ఇసుక మధ్యలో పగడపు బండలుంటాయి. గాలి తిరిగినప్పుడల్లా గొలుసు వాటికి చుట్టుకుంటుంది. చుట్టుకున్న గొలుసు పొట్టిదవుతుంది, అల వచ్చినప్పుడు ముందుకొనను కిందికి గుంజి వించ్‌నో గొలుసునో తెంచుతుంది. పగడమూ విరుగుతుంది. దీనికి విరుగుడు గొలుసును తేల్చడం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముత్యపు తోటల బంతుల్ని ఏరుకుని వాడతారు. లెక్క సులువే: ఈ గొలుసు నీళ్ళలో మీటరుకు రెండు కిలోల బరువు. 30 సెంటీమీటర్ల బంతి 14 కిలోలు తేలుస్తుంది, అంటే ఏడు మీటర్ల గొలుసు. 20 సెంటీమీటర్లది నాలుగు కిలోలే, రెండు మీటర్లు. లంగరు దగ్గరి 15 మీటర్లు ఇసుక మీదే ఉండాలి. తర్వాత ఏడు మీటర్లకో పెద్ద బంతి చొప్పున కొక్కెంతో తగిలిస్తూ వదలాలి. మొదటి బంతి మరీ దగ్గరగా పెడితే లంగరు కాడను ఎత్తేస్తుంది, లంగరు జారుతుంది. బంతులు మరీ ఎక్కువైతే గాలి ఆగినప్పుడు నీటిపైకి తేలి కీల్‌కు చుట్టుకుంటాయి. చివర్లో 12 మీటర్ల నైలాన్ తాడు గొలుసుకు కట్టి బరువు దాని మీదికి మార్చాలి, కుదుపు అది మింగేస్తుంది. ఇంజిన్ వెనక్కి నిమిషానికి 1500 తిప్పులతో అరనిమిషం, తర్వాత 2000. ఒడ్డున రెండు చెట్లు ఒకే వరుసలో పెట్టుకుని అవి విడిపోకుండా ఉంటే పట్టినట్టే. అప్పటికీ మాస్క్ పెట్టుకుని దూకి చూసి రావాలి.

ముందుకొనలో ఉన్నవారికీ చుక్కాని దగ్గర ఉన్నవారికీ మధ్య మాట వినిపించదు. "ఏమండీ" అని పిలిచి, "ఆ?" అని జవాబు వచ్చేలోపు పడవ పది మీటర్లు జరిగిపోతుంది. చేయి చాపితే అటు తిరగమని, పిడికిలి ఎత్తితే ఆగమని, వేలు గుండ్రంగా తిప్పితే వెనక్కి పొమ్మని. ఐదు గుర్తులు చాలు. లంగరు దగ్గర గొంతులు లేచే జంటలు ఏ రేవులోనైనా కనిపిస్తాయి, అది గుర్తులు లేకపోవడం వల్లే తప్ప ప్రేమ లేక కాదు.

లంగరు మీద మొదటి రోజు: ఇంటిపని

నీళ్ళ యంత్రం ఉదయం తొమ్మిదికి, సోలార్ అందుకోగానే. సముద్రపు నీటిని 55 బార్ల ఒత్తిడితో పొర గుండా నెట్టి గంటకు 25 లీటర్లు ఇస్తుంది, 10 ఆంపియర్లు తింటుంది. మూడు గంటలు నడిపితే 75 లీటర్లు. ఇద్దరి రోజు ఖర్చు 35, మిగతాది బట్టలకు. దాన్ని చంపేవి రెండు: నూనె, క్లోరిన్. రేవులో నీటి మీద డీజిల్ పొర ఉన్నచోట నడపకూడదు. వాడని వారంలో మంచినీటితో కడగాలి, ఆ మంచినీరు ఊరి కుళాయిది అయితే బొగ్గు ఫిల్టర్ గుండా పోవాలి. మొదట వచ్చే రెండు నిమిషాల నీరు ఎప్పుడూ ట్యాంకులోకి పంపకూడదు, రుచి చూసి ఆపైనే మరలించాలి.

గిన్నెలు సముద్రపు నీళ్ళతో తోమి, మంచినీటితో ఒక్కసారి తొలిపితే రోజుకు పది లీటర్లు మిగులుతాయి. బట్టలకు ఆ పద్ధతి వద్దు. ఉప్పు చెమ్మ పోదు, బట్ట ఎప్పటికీ ఆరదు. ఇడ్లీ పిండి ఈ వేడికి ఆరు గంటల్లో పొంగుతుంది. ప్రెషర్ కుక్కర్ ఉంటే ఒక గ్యాస్ సిలిండర్ రెట్టింపు రోజులు వస్తుంది, పైగా పడవ ఊగినా అన్నం ఒలకదు.

నీటి కింద పని ఒకరిది, పైన కాపలా ఇంకొకరిది. ప్రొపెల్లర్ మీద గవ్వలు గీకాలి, జింక్ ముద్ద సగానికి కరిగితే మార్చాలి. ఇంజిన్ సరిగా చల్లబడకపోతే ముందు చూడాల్సింది నీరు పీల్చే రంధ్రం, జెల్లీచేప ముక్క చాలు అది మూసుకోవడానికి. టాయిలెట్ పైపుల్లో సముద్రపు నీటి వల్ల సున్నం పేరుకుంటుంది, వారానికోసారి గ్లాసెడు వెనిగర్ పోసి రాత్రంతా ఉంచాలి. తెరచాపల్లో ముందు పోయేది గుడ్డ కాదు, దారం. గోటితో కుట్టు మీద గీస్తే పొడిలా రాలితే ఎండకు చచ్చినట్టు. ఒక సాయంత్రం కూర్చుని చేత్తోనే కుట్టేయడం మేలు.

చెత్త సంగతి. ఈ దీవుల్లో దాన్ని ఊళ్ళో వదలకూడదు, వారికే పారేసే చోటు లేదు. డబ్బాలు సముద్రపు నీళ్ళతో కడిగి, రెండు మూతలూ కోసి, నలిపి సంచిలో పెడితే నెల చెత్త ఒక బకెట్‌లో పడుతుంది. దాన్ని తాహితీలో దించాలి.

ఊళ్ళో రోజు

తెరావెరోలో ఒక దారి, ఒక చర్చి, ఒక అంగడి, వరుసగా కొబ్బరి చెట్లు. కొబ్బరి ఎండబెట్టే చప్టాలు చూస్తే కోనసీమ వారికి చెప్పాల్సిందేమీ ఉండదు. చెట్టు కింద పడ్డ కాయ కూడా ఎవరిదో ఒకరిదే, అడక్కుండా తీయకూడదు. ఎదురుపడితే "ఇయోరానా" అనాలి, కృతజ్ఞత చెప్పేటప్పుడు "మౌరూరు". డబ్బు పసిఫిక్ ఫ్రాంక్, ఒక యూరోకు 119.33గా కట్టేసి ఉంది. ఏటీఎం ఉంటుందనుకోకుండా నోట్లు తెచ్చుకోవాలి. సరకు ఓడ వచ్చిన రోజు మధ్యాహ్నానికి అంగట్లో టమాటాలు ఉంటాయి, మర్నాటికి ఉండవు.

గట్టు మీద పట్టిన చేప గురించి మాత్రం ఊరివారినే అడగాలి. గ్రూపర్, స్నాపర్, ట్రెవల్లీ లాంటి వాటిలో సిగ్వాటెరా అనే విషం ఉండవచ్చు. పగడం మీది నాచులో ఉండే గాంబియర్‌డిస్కస్ అనే సూక్ష్మజీవి దాన్ని తయారుచేస్తుంది. చిన్న చేప నాచు తింటుంది, పెద్ద చేప చిన్నదాన్ని తింటుంది, విషం పోగవుతుంది. ఉడికించినా వేయించినా పోదు. రుచి, వాసన మారవు. పెదవులు తిమ్మిరెక్కడం, చల్లనిది ముట్టుకుంటే కాలినట్టనిపించడం గుర్తులు. ఒక పాస్ దగ్గర మంచిదైన చేప ఐదు మైళ్ళ అవతల విషం కావచ్చు. బయటి సముద్రంలో పట్టిన ట్యూనా, మాహీమాహీలకు ఈ బెడద లేదు.

గాలి తిరిగే రోజు

రోజుకు రెండుసార్లు వాతావరణ ఫైళ్ళు దించుకోవాలి, యూరప్ నమూనా, అమెరికా నమూనా పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకటే చెప్తే నమ్మవచ్చు. దక్షిణాన అల్పపీడనం దాటుతుంటే ఇక్కడ గాలి తూర్పు నుంచి ఈశాన్యం, ఉత్తరం, వాయవ్యం, నైరుతి, దక్షిణం, ఇలా ఎడమచేతి వాటంగా తిరుగుతుంది. చివర్లో వచ్చే దక్షిణ ఆగ్నేయపు జోరుగాలిని ఇక్కడ మారాము అంటారు, 25 నుంచి 35 నాట్లు, మూడు రోజులు. గాలి నైరుతికి తిరిగితే తెరావెరో లంగరు చోటికి ఎనిమిది మైళ్ళ మడుగు మీదుగా అల పుట్టుకొస్తుంది. పడవ వెనక పగడపు ఒడ్డు. రాత్రిపూట అలా చిక్కుకుంటే కదలడానికి వెలుగుండదు. కాబట్టి గాలి ఇంకా ఈశాన్యంలో ఉండగానే కదలాలి. వెళ్ళాల్సింది మారాము తగలని ఆగ్నేయపు మూల ఉన్న చోటికి: ఫకరవాలో హిరిఫాకి.

కౌయేహి పాస్ నుంచి ఫకరవా ఉత్తర పాస్ గరువాయేకు 30 మైళ్ళకు పైగా. తెల్లవారగానే పాస్ దాటి మధ్యాహ్నానికి అక్కడ. గరువాయే వెడల్పు ఒకటిన్నర కిలోమీటర్లకు పైనే, ఫ్రెంచ్ పాలినీషియాలో అన్నిటికంటే వెడల్పైన పాస్. వెడల్పు ఉంది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు, ఉత్తరపు గాలికి పాటు ఎదురైతే ఆ మొత్తం వెడల్పూ అలలతో నిండుతుంది. పక్కగా, ఒక అంచు పట్టుకుని వెళ్ళే వీలుండటమే ఆ వెడల్పు వల్ల లాభం.

ఫకరవా లోపల, హిరిఫా దాకా

రోతోఆవా ఊళ్ళో ఒక రాత్రి. కూరగాయలు, రొట్టె, పెట్రోలు. మర్నాడు ఉదయం వాయవ్యపు పల్చటి గాలిలో దక్షిణానికి 28 మైళ్ళు. తూర్పు గట్టు పొడవునా గుర్తుల బోయాలతో దారి ఉంది. ఈ వాయవ్యపు గాలిలో హిరిఫా ఒడ్డు గాలికి ఎదురే, అక్కడ ఒక పూట చిరాకు తప్పదు. అయినా మారాము వచ్చేసరికి అక్కడ ఉండటం ముఖ్యం. గాలి దక్షిణానికి తిరగ్గానే కొబ్బరి చెట్ల వెనక నీళ్ళు నున్నగా అయిపోతాయి, తలపైన గాలి మాత్రం ఊళలు వేస్తుంది. రాత్రికి లంగరు అలారం 40 మీటర్ల వృత్తానికి పెట్టి, డింగీని (ఒడ్డుకు వెళ్ళే చిన్న పడవ) ఎత్తి కట్టి, కాక్‌పిట్‌లో తేలిగ్గా ఎగిరేవి అన్నీ లోపల పెడితే చాలు.

ఆ మూడు రోజులు ఇంజిన్ ఆయిల్ మార్చడానికీ, లెక్కలు రాయడానికీ, ఇంటికి ఫోన్‌లకూ. భారత కాలమానానికి పదిహేనున్నర గంటలు వెనక కాబట్టి ఇక్కడి సాయంత్రం ఐదున్నర అక్కడ మర్నాడు ఉదయం తొమ్మిది.

దక్షిణ పాస్

తుమాకోహువా పాస్ పక్కనే తెతమాను పాత ఊరు. తైయారో దీవికి 1977లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతం అన్న హోదా వచ్చింది, 2006లో దాన్ని ఫకరవా, కౌయేహి, తొవావు సహా ఏడు దీవులకు విస్తరించారు. పాస్ దగ్గర పడవలు కట్టుకోవడానికి బోయాలున్నాయి, పగడం మీద లంగరు వేయకూడదు. బోయాకు కట్టాక దాని తాడుని నీళ్ళలో దిగి చూడాలి, అరిగిన తాడును పైనుంచి చూసి పోల్చుకోలేరు.

పాస్‌లో వందలాది గ్రే రీఫ్ సొరచేపలు ప్రవాహానికి ఎదురుగా వరుసగా నిలబడి ఉంటాయి. జూన్, జూలై పున్నమి రోజుల్లో గుడ్లు పెట్టడానికి గ్రూపర్లు వేలల్లో చేరతాయి, సొరలకు పండగ. చూడాలంటే లోపలికి వచ్చే పోటులోనే దిగాలి. బయటి కొస దాకా డింగీలో వెళ్ళి, ఒకరు డింగీ తాడు చేత్తో పట్టుకుని తేలుతూ లోపలికి రావాలి, ఇంకొకరు డింగీలో ఉండాలి. పాటు మొదలయ్యాక దిగితే ప్రవాహం మనిషిని బయటి సముద్రంలోకి తీసుకుపోతుంది. పగడం గీసుకుంటే చిన్న గాయమైనా మంచినీటితో బ్రష్ పెట్టి కడిగి అయోడిన్ రాయాలి, వదిలేస్తే ఈ వేడికి మూడో రోజుకు చీము పడుతుంది. రాతిచేప ముల్లు గుచ్చుకుంటే కాలు తట్టుకునేంత వేడి నీళ్ళలో, 45 డిగ్రీలు దాటకుండా, గంటకు పైగా ఉంచాలి. ఆ విషం వేడికి విరుగుతుంది. అప్పుడూ వైద్యుడి దగ్గరకు వెళ్ళాల్సిందే.

ఇక్కడి నుంచి పపీటెకు 245 మైళ్ళు, రెండు రాత్రులు. తుమాకోహువాలో ఉదయపు నిలకడ నీటిలో బయటపడితే మూడో రోజు పొద్దున తాహితీ చేరేలా వేగం సర్దుకోవచ్చు. పపీటె రేవు దగ్గర వీహెచ్‌ఎఫ్ రేడియో 12వ చానెల్‌లో పోర్ట్ కంట్రోల్‌ను పిలవాలి. రేవులోంచి పడమటి మరీనాకు వెళ్ళే కాలువ విమానాశ్రయపు రన్‌వే రెండు కొసల ముందు నుంచీ పోతుంది. మాస్ట్ ఉన్న పడవ ఆ రెండు చోట్లా అనుమతి అడిగి, విమానం దిగేదాకా ఆగి, అప్పుడే దాటాలి.